ఎకరం ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, ఆయా జీతం ఇచ్చేవాళ్ళే దొరకరు

పోయినేడు సంక్రాంతికి మా ఊరి వాట్సాప్ గ్రూపులో డాలస్‌లో ఉండే ఒకాయన మెసేజ్ పెట్టాడు. కాలవ గట్టు పక్కన మాకు ఎకరం ఉంది, ఊళ్ళో పెద్దవాళ్ళ కోసం హోమ్ కడదామంటే రాసిచ్చేస్తాను అని. అరగంటలో డెబ్భై నమస్కారాల బొమ్మలు పడ్డాయి. ఇంకొకాయన స్లాబుకి సిమెంటంతా తనదే అన్నాడు. ఒకావిడ వాళ్ళ నాన్నగారి పేరు మీద ఒక గదికి ఐదు లక్షలు ప్రకటించింది. రాత్రికల్లా హోమ్‌కి పేరు కూడా పెట్టేశారు, ఆ పేరు మీద గొడవ కూడా మొదలైంది. తొమ్మిది మందితో కమిటీ వేసి, లెక్కలు వచ్చినవాడినని నన్ను అందులో పడేశారు.

ఆ తర్వాత నేను తెలుసుకున్నదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇలాంటి ఇంటి పనిని మనం తలకిందులుగా మొదలుపెడతాం. ముందు స్థలం, తర్వాత ప్లాను, శంకుస్థాపన, బిల్డింగు, మంత్రిగారితో రిబ్బను. అంతా అయ్యాక ఇందులో ఎవరుంటారు, వాళ్ళని ఎవరు చూసుకుంటారు, చూసుకునేవాళ్ళకి నెలనెలా జీతం ఎక్కడినుంచి వస్తుంది అని వెతుక్కుంటాం. లెక్క సరిగ్గా అటునుంచి ఇటు రావాలి. ఎవరికి ఏ సాయం కావాలో చూస్తే ఎంతమంది పనివాళ్ళు కావాలో తెలుస్తుంది, దాన్నిబట్టి నెల ఖర్చు, దాన్నిబట్టి ఫీజు, దాన్నిబట్టి ఎన్ని గదులు, గదుల్నిబట్టి బిల్డింగు. స్థలం చిట్టచివర రావాలి. మాకు మొట్టమొదట వచ్చింది అదే.

అసలు కట్టేది ఏమిటో తేల్చుకోవడానికే మాకు ఒక మీటింగు పట్టింది. తొమ్మిది మంది బుర్రల్లో తొమ్మిది రకాల ఇళ్ళున్నాయి. ఒకాయన వృద్ధాశ్రమం అనుకుంటున్నాడు, అంటే దిక్కులేనివాళ్ళకి కూడూ గూడూ. హైదరాబాద్ శివార్లలో విల్లాలు చూసొచ్చిన ఇంకొకాయనకి వాకింగ్ ట్రాకు, క్లబ్‌హౌసు కనిపిస్తున్నాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారైతే ఆక్సిజన్ పైపుల గురించి మాట్లాడుతున్నారు. మాకు కావాల్సిన అసిస్టెడ్ లివింగ్, అంటే రోజువారీ పనుల్లో సాయం అందే ఇల్లు, ఈ మూడింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. తెలుగులో దానికింకా స్థిరమైన మాట పడలేదు కాబట్టి నేనూ ఆ ఇంగ్లీషు మాటే వాడుతున్నాను.

1963లో అమెరికాలో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు తన బృందంతో కలిసి, మనిషికి ఎంత సాయం కావాలో కొలిచే ఆరు పనుల లెక్క ఒకటి ప్రచురించాడు. స్నానం చెయ్యడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళిరావడం, మంచం మీద నుంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు అదుపులో ఉండటం, అన్నం తినడం. ఈ ఆరూ సొంతంగా చేసుకోగలిగినవాళ్ళకి వంటా తోడూ ఉంటే చాలు. ఒకటి రెండు పనుల్లో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సినవాళ్ళ కోసమే ఈ ఇల్లు. ఆరూ పోయి మంచానపడ్డవాళ్ళకి ఇది చాలదు, అక్కడ నర్సులు కావాలి. ఈ గీత ఎక్కడ గీస్తామో మొదటి రోజే కాగితం మీద రాసుకోకపోతే, తర్వాత ప్రతి కేసులోనూ మొహమాటం అడ్డొస్తుంది.

ఈ తరహా ఇల్లు 1980లలో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో రూపు దిద్దుకుంది. కెరెన్ బ్రౌన్ విల్సన్ అనే ఆవిడ తల్లికి 55 ఏళ్ళకే పక్షవాతం వచ్చి నర్సింగ్ హోమ్‌ల పాలైంది. అక్కడ ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, తలుపు ఎప్పుడు మూయాలో అన్నీ వేరేవాళ్ళే చెబుతారు. అలా కాకుండా సాయం అందుతూనే తన గది, తన సామాన్లు, తన తలుపు ఉండే చోటు కోసం వెతికి, అది లేదని తెలిసి, ఆ కూతురే కట్టింది. గదికి గడియ లోపలివైపు ఉండటం అనేది ఆ ఆలోచనకి గుండెకాయ. మన దగ్గర కొన్ని హోమ్‌లలో గడియ ఉండేది బయటివైపే, అది వేరే కథ.

ఇక మనుషుల లెక్క. జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళ నివేదిక ప్రకారం 2021 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 60 దాటినవాళ్ళు జనాభాలో 12.4 శాతం, 2031కి 16.4 శాతం అవుతారని అంచనా. మా ఊరి జనాభా నాలుగు వేలు, అంటే ఐదొందల మంది. కమిటీలో ఒకాయన ఈ సంఖ్య చూసి వంద గదులు కడదాం అన్నాడు. ఐదొందల మందిలో సగం మంది ఇంకా పొలం వెళ్తున్నారని గుర్తుచెయ్యాల్సి వచ్చింది. తర్వాత ఇల్లిల్లూ తిరిగాం. ఆరు పనుల్లో ఏదో ఒకదానికి సాయం కావాల్సినవాళ్ళు డెబ్భై మంది చిల్లర. అందులో ఇంట్లో చూసే దిక్కు లేనివాళ్ళు, ఉన్నా చూడలేని పరిస్థితి ఉన్నవాళ్ళు ముప్ఫై. హోమ్ కడితే వస్తారా అని ఫోన్లో పిల్లల్ని అడిగితే ముప్ఫై ఇళ్ళవాళ్ళూ వస్తారన్నారు. ఎదురుగా కూర్చుని పెద్దవాళ్ళని అడిగితే పదకొండు మంది సరేనన్నారు. "నా మంచం మీద నేను పోతాను బాబూ, మీ మేడలు మీరు కట్టుకోండి" అంది ఎనభై నాలుగేళ్ళ ఒక మామ్మ. ఆవిడ బాత్‌రూమ్‌లో రెండుసార్లు పడింది.

ఇంకొకటి గమనించాం. సొంత ఊళ్ళో హోమ్ అయితే అలవాటైన గుడి, అలవాటైన మనుషులు ఉంటారు కాబట్టి వస్తారనుకున్నాం. చాలామంది దానికి ఎదురు చెప్పారు. వేరే ఊళ్ళో అయితే తెలియదు, ఇక్కడే చేరితే రోజూ నలుగురూ చూస్తారు, కొడుకు పరువు పోదూ అని. కులం మాట మీటింగుల్లో ఎవరూ ఎత్తలేదు గానీ, వంట ఎవరు చేస్తారు అని మూడు ఇళ్ళలో నన్ను పక్కకి పిలిచి అడిగారు. దీనికి జవాబు నియమావళిలో రాసుకోవాల్సిందే. వంట పనివాళ్ళని కులం చూసి పెట్టుకోం, భోజనం అందరికీ ఒకే గదిలో అని రాశాం. దానివల్ల ఒక పెద్ద చందా పోయింది. పోనీ.

సరే, అసలు లెక్కకొద్దాం. దీన్ని కొంచెం ఓపిగ్గా చదవండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఇరవైనాలుగు మంది ఉండే ఇల్లు అనుకుందాం. అందులో పదిమందికి స్నానానికీ లేవడానికీ సాయం కావాలి. పొద్దున లేపడం, స్నానాలు, టిఫిన్లు ఒకేసారి మీద పడతాయి కాబట్టి ఉదయం షిఫ్టులో ముగ్గురు ఆయాలు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరు. రాత్రి ఒక్కరే చాలదా అని అందరూ అడుగుతారు. కిందపడ్డ మనిషిని ఒక్కరు లేపలేరు, ఒకరు ఆస్పత్రికి వెళ్తే మిగతావాళ్ళ దగ్గర ఎవరుంటారు? రోజుకి ఏడు షిఫ్టులు, వారానికి నలభైతొమ్మిది. ఒక మనిషి వారానికి ఆరు రోజులే పని చేస్తుంది కాబట్టి ఎనిమిది మంది దాటతారు, సెలవులూ జ్వరాలూ కలుపుకుంటే తొమ్మిది మంది. ఏ క్షణంలో చూసినా ఇద్దరో ముగ్గురో కనిపించడానికి తొమ్మిది జీతాలు ఇవ్వాలి. చాలా కమిటీలు ముగ్గురు ఆయాలు అని రాసుకుని తప్పటడుగు వేసేది ఇక్కడే.

మా అంచనాలు ఇవి, మీ ఊళ్ళో రేట్లు వేరుగా ఉండొచ్చు. తొమ్మిది మంది ఆయాలకి 14 వేల చొప్పున లక్షా 26 వేలు. ఇద్దరు నర్సులకి 40 వేలు, వంటమనిషికీ సహాయకురాలికీ 27 వేలు, ఊడ్చి తుడిచే ఇద్దరికి 22 వేలు, వాచ్‌మన్, డ్రైవరు కలిపి 26 వేలు, మేనేజరుకి 30 వేలు. జీతాలే 2.71 లక్షలు. తిండికి రోజుకి మనిషికి 120 రూపాయలు, డ్యూటీలో ఉన్న సిబ్బందితో కలిపి 32 మందికి నెలకి లక్షా 15 వేలు. కరెంటు, నీళ్ళు, గ్యాసు, డీజిలు 40 వేలు. డైపర్లు, దుప్పట్లు, ఫినాయిలు, చిల్లర మందులు 45 వేలు. మోటారు కాలిపోవడం, స్లాబు కారడం లాంటివాటికి పక్కన పెట్టేది 30 వేలు. మొత్తం ఐదు లక్షలు, మనిషికి దాదాపు 20,900. ఇందులో సగానికి పైగా జీతాలే. పీఎఫ్, ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తే అవి అదనం.

ఇరవైనాలుగు గదులూ నిండితే ఆ రేటు. మొదటి ఏడాది ఎవరికీ నిండవు. సగటున పన్నెండు మంది ఉన్నారనుకుంటే బియ్యం తగ్గుతాయి గానీ ఆయాలు పెద్దగా తగ్గరు, నెలకి 4.4 లక్షలు ఎలాగూ అవుతుంది. ఫీజు 20 వేలు పెడితే వచ్చేది 2.4 లక్షలు. నెలకి రెండు లక్షల లోటు, ఏడాదికి 24 లక్షలు. ప్రారంభోత్సవం నాటికి ఈ డబ్బు బ్యాంకులో విడిగా లేకపోతే ఆర్నెల్లకే ఆయాలు మానేస్తారు, ఆయాలు మానేస్తే ఉన్నవాళ్ళని పిల్లలు తీసుకెళ్ళిపోతారు. బిల్డింగు మాత్రం ఉంటుంది, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చుకోవచ్చు.

పేదవాళ్ళని ఉచితంగా ఉంచాలనే కోరిక అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. ఇరవైనాలుగు మందిలో ఆరుగురు ఉచితం అనుకుందాం. పద్దెనిమిది మంది 20 వేల చొప్పున ఇస్తే 3.6 లక్షలు. లోటు లక్షా 40 వేలు, ఏడాదికి 16.8 లక్షలు. ఇది ఏటా వడ్డీగా రావాలంటే ఏడు శాతం చొప్పున 2.4 కోట్ల మూలధనం కావాలి. ఇప్పుడు బిల్డింగు ఖర్చు చూడండి. మా ఇంజనీరు వేసిన ప్రకారం గదులూ భోజనశాలా అన్నీ కలిపి 10,800 చదరపు అడుగులు, అడుగుకి 2,200 చొప్పున 2.38 కోట్లు. అంటే ఇల్లంతా కట్టడానికి ఎంతో, అందులో ఆరుగురిని ఉచితంగా ఉంచడానికి కూడా అంతే. పైగా ధరలు పెరుగుతాయి కాబట్టి వడ్డీ మొత్తం తినేయడానికి కూడా లేదు. ఈ లెక్క చెప్పాక మా మీటింగులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ప్రభుత్వం సంగతేమిటి అంటారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకి కనీసం ఒక్కటైనా, 150 మంది నిరుపేద వృద్ధులకి సరిపడే ఆశ్రమం పెట్టొచ్చని రాష్ట్రాలకి చెబుతుంది. పెట్టొచ్చు అని, పెట్టి తీరాలి అని కాదు. అదే చట్టం కింద పిల్లలు ఇవ్వాల్సిన పోషణ ఖర్చుని ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది, దానికి గరిష్ఠ పరిమితి నెలకి 10 వేలు. మన లెక్కలో సగం. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నాలుగు వేలు, అది ఐదో వంతు. 70 దాటినవాళ్ళందరికీ ఆదాయంతో పని లేకుండా ఏటా ఐదు లక్షల ఆయుష్మాన్ బీమా 2024 అక్టోబరు నుంచి ఉంది, మంచిదే, కానీ అది ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది, పొద్దున్నే స్నానం చేయించే ఆయాకి పనికిరాదు. జపాన్‌లో 2000 సంవత్సరం నుంచి 40 దాటిన ప్రతివాళ్ళూ సంరక్షణ బీమాకి ప్రీమియం కడతారు, ఇలాంటి సేవల ఖర్చులో ఎక్కువ భాగం అందులోంచి వస్తుంది. మనకి అది లేదు కాబట్టి అక్కడి ఫొటోలు చూసి ఇక్కడ ప్లాన్లు గీయించకూడదు.

కేంద్రం గ్రాంటు ఒకటుంది. వయోవృద్ధుల సమీకృత కార్యక్రమం కింద 25 మంది పేద వృద్ధుల హోమ్ నడిపే సంస్థలకి నిర్వహణ ఖర్చు ఇస్తారు. నిర్వహణకి ఇస్తారు, అదే దాని విలువ. అయితే కొత్తగా పుట్టిన సంస్థకి ముందే వచ్చేస్తుందని నమ్ముకోవద్దు, వచ్చేది కూడా మీ జీతాల తారీఖు చూసుకుని రాదు.

డబ్బులో రకాలుంటాయని నాకు ఇంతకుముందు తెలియదు. గోడకి పోయే డబ్బు వేరు, జీతానికి పోయే డబ్బు వేరు, రెండోది అడిగితే ముఖాలు మారిపోతాయి. గదికి ఐదు లక్షలిస్తే పాలరాతి మీద పేరు ఉంటుంది. ఆయా జీతానికి ఇస్తే ఏముంటుంది, ఆయాకి పేరు చెక్కుతామా? కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు కూడా ఎక్కువగా గోడలకీ అంబులెన్సులకీ వస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సేవకి ఖర్చు పెట్టాలి, వృద్ధాశ్రమాలూ డే కేర్ సెంటర్లూ ఆ జాబితాలో పేరుతో సహా ఉన్నాయి. కాకపోతే బయటి సంస్థ ద్వారా చేయిస్తే దానికి మూడేళ్ళ అనుభవం ఉండాలి. నిన్న పుట్టిన కమిటీ వెళ్ళి అడిగితే టీ ఇచ్చి పంపిస్తారు, మాకు బిస్కెట్లు కూడా ఇచ్చారు.

సంస్థ అంటే సొసైటీ పెట్టాలా, ట్రస్టా అనే చర్చ మాకు రెండు నెలలు సాగింది. ఏడుగురుంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు, ఎన్నికలుంటాయి, ఎన్నికలుంటే ఊరి రాజకీయం లోపలికొస్తుంది. ట్రస్టు అయితే స్థిరంగా ఉంటుంది, పెట్టినాయన కుటుంబం చేతిలో కూడా అంతే స్థిరంగా ఉండిపోతుంది. మేం ట్రస్టు పెట్టి, మూడేళ్ళకోసారి మూడో వంతు ధర్మకర్తలు మారాలని, ఏ దాత కుటుంబం నుంచైనా ధర్మకర్తలు ఇద్దరికి మించి ఉండకూడదని డీడ్‌లోనే రాయించాం. ఆదాయపు పన్ను నమోదు, దాతలకి పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ కూడా వెంటనే పెట్టుకోవాలి. 80జీ రసీదు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే ఉపయోగం, రెండు వేలకి మించి నగదుగా ఇస్తే వాళ్ళకీ మినహాయింపు రాదు. ఇంకో లాభం ఉంది. ఇలా నమోదైన సంస్థ 60 దాటినవాళ్ళ దగ్గర బసకీ భోజనానికీ నిర్వహణకీ కలిపి నెలకి 25 వేల లోపు తీసుకుంటే జీఎస్టీ లేదు, 2018 నుంచి ఉన్న మినహాయింపు ఇది. మా 20 వేల ఫీజు అందులోకి సరిపోతుంది.

ఎన్నారైల డబ్బు దగ్గర చాలా ఊళ్ళు తప్పు చేస్తాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఎక్కడున్నా సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. గ్రీన్ కార్డు ఉన్నా ఫర్వాలేదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్న మర్నాటి నుంచి, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆయన రూపాయి విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి, అది రావాలంటే సంస్థకి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో తన పనుల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. కొత్త సంస్థలకి ఫలానా దాత నుంచి ఫలానా మొత్తం అని ముందస్తు అనుమతి తీసుకునే దారి ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న వేరే ట్రస్టుకి పంపించి, అక్కడినుంచి మనం తెచ్చుకుందాం అనే తెలివి 2020 సవరణతో మూసుకుపోయింది. మా సిమెంటు ఆయన 2016లోనే అక్కడి పౌరుడయ్యాడు. ఆయనకి ఈ సంగతి చెబితే నేనేదో అడ్డుపడుతున్నాననుకుని ఇప్పటికీ మాట్లాడట్లేదు.

ఇక ఎకరం. ఇచ్చిన ఆయన మనసు బంగారం. కానీ దానంగా వచ్చే భూమిని కొనే భూమికన్నా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఊరికే ఇస్తున్నాడు కదా అని ఎవరూ కాగితాలు అడగరు. ముందు ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం, తీయాలి. అది ప్రభుత్వం పేదలకి పంచిన డీ-పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డొస్తుందేమో చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. వ్యవసాయ భూమి కాబట్టి మార్పిడి సంగతి తేల్చుకోవాలి. మా ఎకరం వీటన్నిటిలో శుభ్రంగా ఉంది, తీరా చూస్తే అన్నదమ్ముల మధ్య పంపకాలే కాలేదు. ముగ్గురు అన్నదమ్ముల సంతకాలు పెట్టిస్తే అయిపోతుందనుకుంటే అక్కయ్య సంగతి వచ్చింది. ఆంధ్రాలో ఆడపిల్లలకి పూర్వీకుల ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతా రావడానికి 2005 దాకా పట్టింది. ఆవిడ పెళ్ళి ఆ 1985 తేదీ తర్వాతే జరిగింది, అంటే ఆవిడకీ వాటా ఉంది. ఆవిడ సంతకం పెడతానంది గానీ, నన్ను ముందు అడగలేదేం అని ఒక మాట అడిగింది, దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

స్థలం ఊరికి కిలోమీటరు అవతల ఉండటం కూడా నాకు నచ్చలేదు. ఆటో రావాలి, రాత్రి అంబులెన్సు తిరగాలి, వానాకాలం కాలవ గట్టు బురద సంగతి ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలుసు.

బిల్డింగు విషయంలో ఒక్క సూత్రం పట్టుకోండి: ఇంటి ఆకారమే జీతాల బిల్లు. రెండంతస్తులు కడితే రాత్రింబవళ్ళు పై అంతస్తులో విడిగా ఒకరు ఉండాలి. ఒక కుర్చీని ఇరవైనాలుగు గంటలూ నింపడానికి నలుగురు కావాలి, నెలకి 56 వేలు, ఏడాదికి 6.72 లక్షలు, ఆ ఇల్లు ఉన్నన్నాళ్ళూ. మేం ఒకటే అంతస్తు, నడుమ వాకిలి, చుట్టూ గదులు గీయించాం, పాత మండువా ఇల్లులాగే. రాత్రి వాకిట్లో కూర్చున్న ఆయాకి అన్ని తలుపులూ కనపడతాయి, ఎవరు దగ్గినా వినపడుతుంది. అన్నీ కలిపి ఎకరంలో నాలుగో వంతు.

ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మన ఊళ్ళలో ఆఫీసుల ముందు కట్టే ర్యాంపులు జారుడుబల్లల్లా ఉంటాయి, చక్రాల కుర్చీ ఎక్కదు. తలుపులు మూడడుగుల వెడల్పు, గడప లేకుండా. గడప లేని ఇల్లేమిటని మేస్త్రీకి కోపం వచ్చింది, వాస్తు చూసే ఆయనకి ఇంకా ఎక్కువ వచ్చింది. నేలమీద పసుపు రంగుతో గడప గీత గీసి కుంకుమ బొట్లు పెట్టుకోవచ్చని తేల్చుకున్నాం. అన్నిటికన్నా ముఖ్యం బాత్‌రూమ్. దాని తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరగాలి. లోపలికి తెరుచుకునేదైతే, లోపల పడ్డ మనిషే తలుపుకి అడ్డంగా ఉంటే బద్దలుకొట్టి వెళ్ళాలి. లోపల చక్రాల కుర్చీ తిరగడానికి ఐదడుగుల ఖాళీ, గరుకు పలకలు, కమోడ్ పక్కన స్టీలు కడ్డీలు. టవల్ రాడ్డు కాదు, మనిషి బరువు ఆపేలా గోడలో దిగేసింది. పిలుపు గంట తాడు నేలకి తగిలేదాకా వేలాడాలి, పడిపోయినవాళ్ళకి స్విచ్ బోర్డు అందదు. ఇవేవీ ఖరీదైనవి కావు, గోడ లేవకముందు చేస్తే.

వీధి వైపు ఒక పొడవాటి అరుగు పెట్టించాం. ఆర్కిటెక్టు వెనకవైపు తోట చూపించాడు, చాలా అందంగా ఉంది. పెద్దవాళ్ళకి కావాల్సింది వచ్చేపోయే మనుషులు.

ఒప్పందం గురించి క్లుప్తంగా. చేరేటప్పుడు తీసుకునే డిపాజిట్ వాళ్ళది, దాన్ని ఎఫ్‌డీలో పెట్టాలి, సిమెంటులో కాదు, ఎందుకంటే ఏ నెలలోనైనా తిరిగి ఇవ్వాల్సి రావచ్చు. చేరినవాళ్ళ ఇల్లూ పొలమూ ట్రస్టుకి రాయించుకోకూడదు, వాళ్ళే బతిమాలినా సరే. మనిషి పరిస్థితి ఆరు పనుల గీత దాటితే ఎవరు నిర్ణయిస్తారు, ఎక్కడికి పంపుతారు, రాత్రి రెండింటికి ఆస్పత్రిలో సంతకం ఎవరు పెడతారు, పోతే కబురు ఎవరికి, కర్మ ఎవరు చేస్తారు, ఇవన్నీ ముందే అడిగి రాసుకోవాలి. అడగడం కష్టమనుకున్నాం. పెద్దవాళ్ళు తడుముకోకుండా చెప్పారు, తలదించుకున్నది పిల్లలే. కొడుకు డబ్బు కట్టడం మానేస్తే ఏం చేస్తారన్నదానికి మా దగ్గర మంచి జవాబు లేదు. పెద్దాయన ఒప్పుకుంటే ఆయన తరఫున సంస్థే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, చట్టంలో ఆ వీలుంది. కొడుకు మీద కేసుకి ఒప్పుకునే తండ్రి మా ముప్ఫై ఇళ్ళలో ఒక్కడు కూడా లేడు.

ఇంత చదివాక హోమ్ కట్టొద్దని చెబుతున్నాననుకోకండి. మేమూ మానలేదు, వరస మార్చాం. కేరళలో పంచాయతీలు పకల్ వీడు పేరుతో పగటి ఇళ్ళు నడుపుతాయి, పెద్దవాళ్ళు పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్తారు. 1993లో కోళిక్కోడ్‌లో మొదలైన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ స్ఫూర్తితో తర్వాత మలప్పురం చుట్టుపక్కల ఊళ్ళలో జనమే గుంపులుగా ఏర్పడి, మంచానపడ్డవాళ్ళ ఇళ్ళకి తిరిగి సేవ చెయ్యడం మొదలుపెట్టారు. అక్కడి డబ్బులో చాలా భాగం దుకాణదారులూ కూలీలూ పిల్లలూ ఇచ్చే చిన్న చిన్న మొత్తాలు. ఒక్కసారి లక్ష ఇచ్చేవాడికన్నా నెలనెలా కొంచెం ఇచ్చే వందమంది ఉండటమే దాని బలం.

మేం కూడా డిసెంబరులో, ఖాళీగా పడి ఉన్న పాత గ్రంథాలయం గదుల్లో పగటి కేంద్రం తెరిచాం. తొమ్మిది నుంచి ఐదు వరకు, ఆదివారం సెలవు. ఇద్దరు ఆయాలు, ఒక వంటమనిషి, పద్నాలుగు మంది పెద్దవాళ్ళు, నెలకి 64 వేలు. ఇంటికి నెలకి 500 చొప్పున 130 ఇళ్ళు ఇస్తామని రాసిచ్చాయి, 65 వేలు. మూడేళ్ళు ఇలా నడిపితే సంస్థకి అనుభవమూ వస్తుంది, ఆయాలు ఎవరో తెలుస్తుంది, రాత్రి కూడా ఉండాల్సిన అవసరం నిజంగా ఎంతమందికో లెక్క తేలుతుంది. నా మంచం మీద నేను పోతానన్న మామ్మ రోజూ ఆటోలో వస్తుంది, పప్పులో ఉప్పు తక్కువైందని వంటమనిషితో గొడవపడుతుంది, స్నానం ఇక్కడే చేయించుకుని వెళ్తుంది.

ఎకరంలో ఈసారి పెసలు వేశారు. గ్రూపులో డాలస్ ఆయన శంకుస్థాపన ఎప్పుడని పదిహేను రోజులకోసారి అడుగుతూనే ఉన్నాడు. డిసెంబరులో 130 ఇళ్ళూ డబ్బు కట్టాయి, జనవరిలో 126, ఫిబ్రవరిలో 118. ఆ పన్నెండు ఇళ్ళకీ ఈ ఆదివారం నేను ఫోన్లు చెయ్యాలి. అందులో డాలస్ ఆయనది కూడా ఒకటి.